మోరీ దాకా

ఆ సాయంత్రం అక్కడ ఉన్నవి ఇవి: నేను, నా సైకిలు, మేస్త్రీ మైసయ్య, కొలతకు పేర్చి ఉంచిన కంకర కుప్పలు మూడు, వాననీళ్లు దాటడానికి రోడ్డు కింద కట్టిన రాతి మోరీ, నా వెనక వనపర్తి నుంచి పెబ్బేరు వైపు వస్తున్న, పెట్రోలు లేక బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. మబ్బు పట్టి ఉంది, చినుకు లేదు. గాలి ఎదురుగా వీస్తోంది కాబట్టి బస్సు చప్పుడు నాకు వినపడలేదు. ఆషాఢం మొదట్లో జరిగిన సంగతి ఇది.

ఇప్పుడు కార్తీకం. నాగర్‌కర్నూల్‌లో మా నాయన ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. చెయ్యి వణకకుండా గీత గీయగలుగుతున్నాను కాబట్టి రాయవచ్చునని అనుకున్నాను. ధనుర్వాతం వచ్చి బతికినవాళ్లు తక్కువ, బతికి దాని గురించి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఎవరి ఇంట్లోనైనా ఈ జబ్బు వస్తే, ఆ చీకటి గదిలో పడుకున్న మనిషికి లోపల ఏం జరుగుతోందో బయట కూర్చున్నవాళ్లకు తెలియాలి. అందుకు కొంత. నా కోసం కొంత. రాత్రిళ్లు నాకు ఇంకా కొన్ని చప్పుళ్లు వినపడుతున్నాయి. వాటిని కాగితం మీద వరసగా పెడితే వెళ్లిపోతాయేమోనని చిన్న ఆశ.

నేను హైదరాబాదులో ఓవర్సీరు చదువు చదివి రోడ్ల శాఖలో చేరాను. వనపర్తిలో ఉద్యోగం. పెబ్బేరు పోయే రోడ్డు నా కింద ఉంది. ఆ రోడ్డు గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నడుమ కంకర పరిచి దిమ్మిస కొట్టిన రోడ్డు. దాని పక్కనే, జానెడు కిందుగా, ఉత్త మట్టి బాట. ఎద్దుల బండ్ల ఇనుప పట్టాలు కంకరను లేపేస్తాయి కాబట్టి బండ్లు మట్టి బాట మీదనే పోవాలని శాఖ వారి హుకుం. బోర్డు కూడా పాతించాం. ఒక్క బండి కూడా దిగదు. ఎండాకాలం దుమ్ములో, వానాకాలం బురదలో ఎద్దులను ఎవడు చంపుకుంటాడు? మైసయ్య అరిస్తే పది బారలు దిగి, అతను అటు తిరగగానే మళ్లీ పైకి ఎక్కుతారు. అలా బండ్ల కోసం వేసిన పక్కబాట ఖాళీగా ఉండేది. ఆ బాట మీద నేను సైకిలు తొక్కేవాణ్ణి. కంకర మీద కన్నా అది మెత్తగా ఉంటుంది, టైరు కోసుకుపోదు, యుద్ధం రోజుల్లో టైరు దొరకడమే కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, బస్సుకు ఎడంగా ఉంటాను.

మా ఆవిడ సుశీల అన్నగారు శేషు. గద్వాల మనిషి, వనపర్తి బడిలో పంతులు, మా ఇంట్లోనే ఉంటాడు. అతనికీ సైకిలు ఉంది. అతను రోడ్డు నడుమనే తొక్కుతాడు. రోజూ భోజనాల దగ్గర మా ఇద్దరికీ ఇదే వాదం.

"పక్కకు పోతే డ్రైవరుకు నువ్వు కనపడవు బావా," అనేవాడు. "కనపడనోణ్ణి ఎట్ల తప్పిస్తడు? నేను నడుమల పోత. హారన్ కొట్టనీ, తిట్టనీ. తిట్టిండంటే చూసిండన్నట్టే గదా."

"చూసి కూడా గుద్దితే?"

"చూసి గుద్దేటోడు ఇంక పుట్టలే."

"పుట్టేదాకా కంకర మీద జారి పడుతూ ఉండు."

"సరే. మోరీ కాడ ఏం జేస్తవ్? మోరీ మీద నీ పక్కబాట ఏమైతది, చెప్పు?"

అతను అన్నది నిజమే. మోరీ వెడల్పు రోడ్డు వెడల్పే. అక్కడ పక్కబాట ఆగిపోతుంది. సైకిలు రోడ్డు మీదికి ఎక్కి, మోరీ దాటి, మళ్లీ దిగాలి.

సుశీల రొట్టె వడ్డిస్తూ, "ఇద్దరూ నడిచి పోండ్రి, పీడ పోతది," అనేది.

ఈ వాదం తేల్చడానికే నేను లెక్క పెట్టించాను. వనపర్తి ఊరి చివర, పెబ్బేరు రోడ్డు పక్కనే దవాఖాన. దాని గోడ దగ్గర వేపచెట్టు నీడ ఉంది. మైసయ్యను అక్కడ కూర్చోబెట్టి, రోడ్డు మీద పోయే బండికి ఒక చింతగింజ తెల్ల గుడ్డలో, పక్కబాట మీద పోయే బండికి ఒక గింజ ఎర్ర గుడ్డలో వేయమన్నాను. ఏ రోజు మూట ఆ రోజుది. తెల్ల మూట రోజూ ఉబ్బి ఉండేది, ఎర్రది చదునుగా ఉండేది. బండ్లు ఎలాగూ దిగడం లేదు కాబట్టి పక్కబాటను చదును చేసి సైకిళ్లకు వదిలేయమని పైకి రాద్దామని నా ఆలోచన.

ఆ సాయంత్రం మైసయ్య కంకర కుప్పల పని చూసుకోవడానికి మోరీ దగ్గరికి వచ్చి ఉన్నాడు. దవాఖాన నుంచి రెండు ఫర్లాంగులు ఉంటుంది. నేను పక్కబాట మీద వచ్చి, మోరీ రాగానే, ఎప్పటిలాగే రోడ్డు మీదికి ఎక్కాను. వెనక బస్సు. డ్రైవరు తప్పు లేదు, అంతవరకు అతని కంటికి నేను రోడ్డు మీద లేను. ఒక్కసారిగా నేలలోంచి లేచినట్టు వచ్చాను. హారన్ వినపడి సైకిలును మళ్లీ పక్కబాట వైపు తిప్పాను. ముందు చక్రం అంచు దిగింది, నేను కంకర కుప్ప మీద పడ్డాను. ఎడమ మోకాలి కింద పిక్క దగ్గర చీరుకుపోయింది. బస్సు ఆగింది, జనం తొంగి చూశారు, నేను లేచి నిలబడితే మళ్లీ పోయింది.

మైసయ్య పరుగున వచ్చాడు. "కూసో సాబ్, కూసో," అని, పక్కబాట మీది దుమ్ము రెండు గుప్పిళ్లు తెచ్చి గాయంలో అద్దాడు. కంకర కొట్టేవాళ్లందరూ చేసే పని అది. చెయ్యి చితికినా, కాలు తెగినా, బండి చక్రాల కింద నలిగి పిండిలా అయిన ఆ దుమ్ము అద్దితే నెత్తురు వెంటనే ఆగుతుంది. నేను ఏడాదిగా చూస్తున్నాను, అందరికీ ఆగింది. నాకూ ఆగింది.

"చూసినవా సాబ్," అన్నాడు మైసయ్య సంతోషంగా, "దవాఖాన పౌడర్ గిట్లనే ఉంటది."

ఎద్దులూ గుర్రాలూ నడిచిన బాట దుమ్ము అది. ఇది చదివేవారికి నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది: గాయానికి మట్టి తగలనివ్వకండి. తగిలితే కడగండి, కడిగి దవాఖానకు పోండి, నెత్తురు ఆగినా సరే పోండి.

*ఆషాఢం చివర*

గాయం మానిపోయింది. పైన పక్కు కట్టింది. నేను పనికి పోతూనే ఉన్నాను. ఒక పొద్దున జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే దవడ సరిగ్గా తెరుచుకోలేదు. పంటి నొప్పి అనుకున్నాను. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. సాయంత్రం శేషుతో మళ్లీ వాదం వచ్చింది. అతను ఏదో అన్నాడు, నేను జవాబు చెప్పబోతే పళ్లు విడిపోలేదు. పళ్ల సందుల్లోంచి గొణిగాను.

శేషు పెద్దగా నవ్వి, "సుశీలా, ఇటు రా! మీ ఆయన నోరు మూసుకున్నడు. నేను గెల్చినట్టే," అన్నాడు.

సుశీల నవ్వుతూ వచ్చి నా ముఖం చూసింది. నేను కూడా నవ్వుతున్నాననుకుంది. నేను నవ్వడం లేదు. పెదవులు వాటంతట అవే పక్కలకు లాగుకుపోయాయి. ఆమె చేతిలోని గిన్నె కింద పడింది. ఆ గిన్నె చప్పుడుకు నా వీపు విల్లులా వంగింది. మొదటి మూర్ఛ అదే. మూర్ఛ అనకూడదు నిజానికి. మూర్ఛలో మనిషికి తెలివి పోతుంది. ఇందులో పోదు.

శేషు ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా ముందు కూర్చుని భోజనం చేయడు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను పిలుస్తాను. "ఆకలి లేదు బావా," అంటాడు.

*శ్రావణం: చీకటి గది*

దవాఖానలో వెనకవైపు ఒక చిన్న గదికి కిటికీలన్నిటికీ నల్ల కంబళ్లు కట్టారు. నన్ను అందులో పెట్టారు. అప్పటికే అక్కడ ఒక మంచం మీద మనిషి ఉన్నాడు. పెబ్బేరు దిక్కున ఒక పల్లె రైతు, పేరు ఎల్లయ్య. చేలో తుమ్మముల్లు అరికాల్లో దిగి విరిగిందట. నాకన్నా రెండు రోజుల ముందు వచ్చాడు. అతని ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. చీకటిగా ఉండేది, నేను తల తిప్పలేకపోయేవాణ్ణి. అతని ఊపిరి మాత్రం తెలుసు. ఇప్పుడు విన్నా గుర్తుపడతాను.

నొప్పి గురించి ఎక్కువ రాయను. వీపు వంగి, తల వెనకభాగం, మడమలు మాత్రమే మంచానికి ఆనుతాయి. అది వచ్చేది నొప్పి వల్ల కాదు. ఏదైనా తాకితే, వెలుతురు పడితే, చప్పుడైతే వస్తుంది. కాబట్టి లోపల ఉన్న మనిషి చేసే పని ఒక్కటే, చప్పుడు కోసం కనిపెట్టుకుని ఉండడం. నాకు జాబితాలు రాసుకునే అలవాటు. చేతులు కదలకపోయినా మనసులో రాసుకున్నాను. అన్నిటికన్నా చెడ్డది కంకర మీద బండి ఇనుప పట్టా. దూరం నుంచి గరగరమంటూ వస్తుంది, వచ్చేదాకా ఎదురుచూడాలి. దాని తర్వాత ఎద్దుల మెడ గంటలు. ఆ తర్వాత ఇత్తడి సామాన్లు. బస్సు నయం, రోజుకు రెండుసార్లే. మనుషుల మాటలు నయం. సుశీల చీర చెంగు నయం, అది వినపడితే ఆమె వచ్చిందని తెలిసేది.

బండి రోడ్డు మీద పోయినప్పుడల్లా నేను వంగేవాణ్ణి. అదే క్షణంలో ఎల్లయ్య మంచం కిర్రుమనేది. ఒక్క బండి, ఇద్దరం. మా ఇద్దరి మధ్య మాట లేదు, పలకరింపు లేదు, ఉన్న చుట్టరికం అదే. ఒకసారి ఆ పట్టు విడిచాక అతను పళ్ల సందుల్లోంచి ఒక మాట అన్నాడు. అతని దగ్గర్నుంచి నేను విన్నది ఆ ఒక్కటే.

"పోయిందా?" అన్నాడు.

బండి గురించి అడిగాడు. నేను "ఊఁ" అన్నాను.

సుశీల నా పక్కపంటి వెనకున్న సందులోంచి దూది ఒత్తితో పాలు చుక్కలు చుక్కలుగా వేసేది. తాకకుండా వేయాలి. ఒక్కోసారి ఒక గిన్నెడు పాలకు పూట పట్టేది. ఆమె ఒక్క మాట మాట్లాడేది కాదు. వరండాలో ఆమె అన్నతో కూడా మాట్లాడడం మానేసిందని నాకు తర్వాత తెలిసింది. "మీ ఇద్దరి పంతం గదా," అని ఒక్కసారి అని, ఇక ఆపేసిందట. మా నాయన నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి, ఇది గాలి చేష్ట, ఇంటికి తీసుకుపోయి దిగదుడిపిస్తానని పట్టుబట్టాడట. ఇరవై మైళ్ల పైగా బండి ప్రయాణం. సుశీల గది గుమ్మానికి అడ్డంగా కూర్చుందట. మామగారి ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి, అప్పుడూ ఎత్తలేదు, లేవలేదు అంతే. ఇవన్నీ గుసగుసలుగా జరిగాయి. ఆ వరండాలో కొట్లాటలు కూడా గుసగుసలే.

శేషు పట్నం పోయి విరుగుడు మందు తెచ్చాడు. యుద్ధం వల్ల ఎక్కడా లేదంటే రెండు రోజులు తిరిగి సంపాదించాడు. డాక్టరు సాబ్ ఇద్దరికీ సూదులు వేశారు. ఒకటే మందు, ఒకటే గది, ఒకటే చీకటి.

ఆ తర్వాత ఒక పొద్దున నాకు ఒక సంగతి తెలిసింది. బండి చప్పుడు లేదు. చాలాసేపు ఎదురుచూశాను. గరగర లేదు, గంటలు లేవు. అప్పుడప్పుడు బురదలో ఏదో మెల్లగా కుంగి లేస్తున్నట్టు, తడి బట్ట పిండుతున్నట్టు ఒక చప్పుడు మాత్రం వచ్చేది. అది నన్ను ఏమీ చేయలేదు. మరుసటి రోజూ అంతే. వాన పడుతోంది, వానలో కంకర మీదనే కదా బండ్లు నడవాలి, పక్కబాటలో ఇరుసు దాకా దిగబడతాయి. అయినా దిగిపోతున్నారు. చివరికి నా బోర్డు పనిచేసిందని అనుకున్నాను. ఆ స్థితిలో కూడా నాకు కొంచెం గర్వం కలిగిందని రాయక తప్పదు.

పట్టు వచ్చే సార్లు తగ్గాయి. ఎల్లయ్యకు తగ్గలేదు. చప్పుడు లేకపోయినా అతని మంచం కిర్రుమనడం మొదలైంది. అది నాకు అన్నిటికన్నా భయం వేసిన సంగతి. చప్పుడుకు వంగితే చప్పుడును ఆపవచ్చు. ఊరకే వంగితే ఏం చేస్తాం?

ఒక ఉదయం ఆ మంచం కిర్రుమనలేదు. ఊపిరి కోసం విన్నాను. నాది ఒక్కటే ఉంది.

మెత్తని కాళ్ల చప్పుళ్లు వచ్చాయి, పోయాయి. ఎవరూ ఏడవలేదు. మనిషి చస్తే మా దిక్కున ఆడవాళ్లు శోకాలు పెడతారు, వీధి వీధంతా వినపడాలి, లేకపోతే పోయినవాడికి గతి లేదని అనుకుంటారు. ఆ శోకం కోసం నేను బిగపట్టుకుని ఉన్నాను. అది వస్తే నాకు ఏమవుతుందో తెలుసు. రాలేదు. పొద్దంతా రాలేదు. బండ్లు కూడా ముందటిలాగే మెత్తగా పోయాయి. ఇతనికి ఎవరూ లేరేమో, దిక్కులేని చావేమో అనుకున్నాను.

పొద్దు గూకే వేళకు, చాలా దూరం నుంచి, సన్నగా ఒక ఆడగొంతు వినపడింది. గాలి మారితే వినపడి, మళ్లీ పోయేది. అంత దూరపు చప్పుడు నన్ను తాకలేదు. అయినా రాత్రుళ్లు నాకు ఇప్పటికీ వినపడేది అదే.

*భాద్రపదం*

దవడ బిగువు వదిలింది. మొదట గంజి, తర్వాత మెత్తటి అన్నం. కర్ర పట్టుకుని వరండాలో నడిచాను. డాక్టరు సాబ్‌ను అడిగాను, ఇద్దరికీ ఒకటే మందు వేశారు కదా, లెక్క ఎక్కడ తేడా వచ్చిందని.

"గాయానికీ, దవడ బిగుసుకోవడానికీ నడుమ ఎన్ని రోజులు పడితే అంత ఆశ," అన్నారాయన. "నీకు నెమ్మదిగా వచ్చింది. ఆయనకు తొందరగా వచ్చింది. అంతకన్న నాకు తెల్వదు."

ఇంటికి వచ్చాక ఒక మధ్యాహ్నం సుశీలతో మాటల్లో అన్నాను, దవాఖాన ముందర బండ్లవాళ్లు ఓవర్సీరుకు బాగానే మర్యాద చేశారని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపింది.

"మీకోసం కాదు," అంది.

"మరి?"

"ఎంకమ్మక్క దింపింది."

ఎంకమ్మ ఎల్లయ్య పెళ్లాం. అప్పుడు సుశీల చెప్పింది, నేను విననివన్నీ.

భర్త మంచం ఎప్పుడు కిర్రుమంటుందో కనిపెట్టి, అది బండి పోయినప్పుడల్లా అని ఆమె గుర్తుపట్టిందట. పొద్దున్నే పోయి నడిరోడ్డు మీద చేతులు చాచి నిలబడిందట. మొదటి బండివాడు, "ఏమవ్వా, చావాలనుందా?" అన్నాడట. "నాకు లేదు కొడుకా. లోపల మా ఇంటాయనకు చావు వస్తుంది. నీ బండి పోతే ఆయన విరుగుతుండు. జర కిందికి దింపి పో," అందట. బురద చూపించి వాడు గొణిగితే, "నేను నూకుత," అని చక్రానికి భుజం ఆనించిందట. ఆ రోజు నుంచి ఏ బండీ పైన పోలేదు. మెడ గంటల్లో గడ్డి కుక్కించేది. పేరు పేరునా అన్నా, తమ్మీ అని అడిగేది. వానలో గోనెసంచి కప్పుకుని నిలబడేది.

శేషు కూడా నూకాడట. రోడ్డు నడుమ తప్ప పోనని వాదించే పంతులు, తెల్లధోవతి పిక్కల దాకా బురదై, బండ్లను పక్కబాటలోకి దింపుతుంటే, ఎంకమ్మ, "పంతులూ, గట్ల కాదు. చక్రం ఆకు పట్టుకొని నూకు. బడి పిల్లగాణ్ణి చెవి పట్టుకున్నట్టు పట్టుకుంటవేంది?" అందట. అది చెప్తూ సుశీల నవ్వింది. ఆ జబ్బు వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఆయన పోయిన్నాడు కూడా నిలబడ్డది," అంది.

ఎల్లయ్య తెల్లవారుజామున పోయాడు. కొడుకులు బండి కట్టుకుని రావాలి, నడుమ వాగు వచ్చి ఉంది, సాయంత్రం దాకా రాలేదు. శవాన్ని వరండాలో పడుకోబెట్టారు. అక్కడున్న ఆడవాళ్లు పక్కన కూర్చుని ఏడవమన్నారట. ఎంకమ్మ గది వైపు చూసి, "ఆ పిలగాడు ఇంకా లోపల ఉన్నడు గదా," అని లేచి పోయి రోడ్డు మీద నిలబడిందట. సుశీల వెంటపడి, "అక్కా, నువ్వు కూసో, నేను నిలబడత," అంటే, "నీ మాట ఇనరు బిడ్డా. ఇన్ని దినాల సంది దింపిస్తున్నదాన్ని, నా మాట ఇంటరు," అందట. అడిగిన బండివాళ్లకు భర్త పోయాడని చెప్పలేదు. లోపల మనిషి ఉన్నాడని మాత్రమే చెప్పింది.

సాయంత్రం కొడుకుల బండి వచ్చింది. దాన్ని కూడా పక్కబాటలోనే నడిపించింది. ఎద్దుల గంటలు తానే విప్పింది. బండి వెనక నడుస్తూ నోట్లో చెంగు కుక్కుకుందట. కొడుకు ఏడవబోతే నోరు మూసిందట.

"మోరీ దాకా అట్లనే పోయింది," అంది సుశీల. "మోరీ దాటినంక ఏడ్చింది."

*కార్తీకం*

వాదం ఇంకా తేలలేదు. శేషు ఇప్పుడు పక్కబాటనే నయమంటాడు. నేను తల ఊపను. పక్కబాట మీద ఉన్నంతసేపు నాకేమీ కాలేదు, రోడ్డు మీద ఉన్నంతసేపు శేషుకూ ఏమీ కాలేదు. ప్రమాదం బాటలో లేదు, ఒకటి మరొకదాన్ని కలిసే చోట ఉంది. ఏ బాట మీద పోయినా సరే, మోరీ దగ్గర దిగండి. వెనక్కి చూడండి. నడిపించుకుంటూ దాటండి. పైకి నేను రాయబోయేది కూడా అదే: మోరీలను వెడల్పు చేయాలి. సైకిలు ఇంకా ఎక్కలేదు. సీటు మీద చెయ్యి వేసి చూశాను, అంతే.

జబ్బున్నవాళ్ల ఇంటివారికి ఒక మాట. లోపలి మనిషికి అంతా తెలుస్తుంది. కాబట్టి గుమ్మంలో ఆశ వదులుకున్న మాటలు అనకండి. చప్పుడు ఆపండి. ఆపగలిగినంత ఆపండి. అది మందుతో సమానం.

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు బయలుదేరే ముందు ఎల్లయ్య ఊరికి పోదామని సుశీల అంది. బండి కట్టించుకుని పోయాం. ఎంకమ్మ చేను కాడ ఉంది. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు, ఆమె కూడా నా ముఖం వెలుతురులో ఎన్నడూ చూడలేదు. తర్వాత నా గడ్డం పట్టుకుని నోరు తెరవమంది. తెరిచాను.

"మంచిగ తెరుస్తుండు," అంది సుశీలతో. "తింటుండా?"

ఎల్లయ్య ఒక్కసారి "పోయిందా" అని అడిగాడని, నేను "ఊఁ" అన్నానని మాత్రం చెప్పాను.

"నువ్వు చెప్పినవు గదా పోయిందని," అంది. "ఆయనకు చెప్పినవు గదా. మంచిది." తర్వాత సద్దన్నం మూట విప్పి మా ఇద్దరికీ పెట్టింది. తిన్నాను.

మైసయ్య నాగర్‌కర్నూల్ వచ్చాడు. నాకు జబ్బు చేసినప్పటి నుంచి ముఖం చూపించలేదు. దుమ్ము అద్దింది తానే కదా అని లోపల నలిగిపోయాడు. నాతో పాటు పనిచేసిన వాడెవడైనా అదే చేసి ఉండేవాడని, నేనూ అడ్డు చెప్పలేదని అన్నాను. అతను తలవంచుకునే ఒక గంప దించాడు. నిండా మూటలు. లెక్క ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, నేను చీకటి గదిలో ఉన్నన్నాళ్లూ వేపచెట్టు కింద కూర్చుని గింజలు వేస్తూనే ఉన్నాడు. ప్రతి రోజుదీ రెండు మూటలు, కలిపి ముడివేసి ఉన్నాయి.

"ఎల్లయ్య పోయిన రోజుది ఏది?" అని అడిగాను.

వెతికి తీసి ఇచ్చాడు. తెల్ల గుడ్డ విప్పాను. గుడ్డ మాత్రమే ఉంది. ఎర్ర గుడ్డ బరువుగా ఉంది.

"ఆఖరు బండికి, శవం పోయిన బండికి వేసినవా?"

"వేసిన సాబ్," అన్నాడు. "అది గూడ బండే గద."

అరుగు మీద గింజలు పరిచి లెక్క పెట్టాను. మళ్లీ ఒకసారి పెట్టాను.

రోడ్డు మీద పోయిన బండ్లు, సున్నా. పక్కబాట మీద, ముప్పై నాలుగు.